నార్మల్ ముక్క

కాదు, దాన్ని సంతోషం అనకూడదు. సంతోషమైతే మొహంలో ఎక్కడో ఒకచోట బయటపడేది, పక్క బల్ల దగ్గర ట్యూబులు సర్దుకుంటున్న టెక్నీషియన్ తలెత్తి ఏంటి మేడమ్ విశేషం అని అడిగేవాడు. అతను అడగలేదు. తన పని తను చేసుకుంటూ ముక్కుతో ఏదో పాట లాగుతున్నాడు. కాబట్టి ఇది సంతోషం కాదు. కడుపులో ఒక మూల చిన్న వెచ్చదనం, చలిలో వేడి గ్లాసు పట్టుకుంటే అరచేతికి తగిలేలాంటిది, అంతే. అలాంటివాటికి వేరే పేరు ఉండే ఉంటుంది. ఆమె పేరు వెతకడం మానేసి మళ్లీ తెర వైపు చూసింది.

తెర మీద గీతలు. ఒక్కో గీత ఒక్కో మనిషి ముక్కులోంచి కోసి తెచ్చిన కండ. గీతలన్నీ అడుగున నేలబారుగా పాకుతూ వచ్చి ఎక్కడో ఒకచోట తల ఎత్తి పైకెక్కుతాయి. ఎంత ముందుగా తల ఎత్తితే ఆ కండలో ఆమె వెతుకుతున్న జీన్ అంత జోరుగా పనిచేస్తున్నట్టు. ఏళ్ల తరబడి ఆమె వెంటపడుతున్న జీన్ ఒక గ్రోత్ ఫ్యాక్టర్‌ది. కణాలను పెరగమని పురమాయించేది, వాటిని మేపడానికి కొత్త రక్తనాళాలను పిలుచుకొచ్చేది. ముక్కు లోపల ఒలిచిన ద్రాక్షపళ్లలా వేలాడే పాలిప్స్ అనే గడ్డల్లో ఆ జీన్ గొంతు చించుకుంటుందనీ, మామూలు ముక్కుల్లో గొణుగుతుందనీ ఆమె థీసిస్. పాలిప్స్ క్యాన్సర్ కావు, ప్రాణం తీయవు. పుస్తకాల్లో వాటిని నిరపాయమైన గడ్డలు అంటారు. ఆ మాట రాసినవాడి ముక్కు బాగానే పనిచేసి ఉంటుందని ఆమెకు ఎప్పుడూ అనిపిస్తుంది.

పాలిప్స్ గీతలు ముందు లేవాలి, మామూలువి వెనక లేవాలి. అలాగే లేచాయి, ఒక్కటి తప్ప. మామూలు ముక్కుల గుంపులో ఉండాల్సిన ఒక గీత పాలిప్స్ మధ్యలో దూరి, వాటిని భుజాలతో తోసుకుని, అందరికంటే ముందు తల ఎత్తింది. ఎక్కడో చెయ్యి జారిందేమోనని మిగిలిన కండలోంచి ఇంకాస్త తీసి మొదటినుంచీ మళ్లీ చేసింది. మళ్లీ అదే.

ఆ గీత చెల్లెలిది.

ట్యూబు మీద పేరు ఉండదు, నంబరే ఉంటుంది. ఎవరి ముక్కు ఏదో పరిశోధన చేసేవాళ్లకు తెలియకూడదని నియమం. కానీ ఆపరేషన్ థియేటర్ బయట, చల్లటి పొగలు కక్కే నైట్రోజన్ డబ్బా పట్టుకుని నిలబడి ఆ నంబరు వేసింది ఆమే. వేరేవాళ్లను పంపించి ఉండొచ్చు. పంపించలేదు. ఎందుకు పంపించలేదో అప్పుడు ఆలోచించలేదు, ఇప్పుడూ ఆలోచించదలచుకోలేదు.

మంచి ముక్కు ఎవరూ ఊరికే ఇవ్వరు. పాలిప్స్ ఉన్నవాళ్లయితే బతిమాలి మరీ కోయించుకుంటారు, ఆ కోసిన ముక్క ఎలాగూ పారేసేదే. రోగం లేనివాడి ముక్కులోంచి కండ కావాలంటే ఎక్కడికి పోవాలి? అందుకని ఈ పనిలో ఉన్నవాళ్లందరూ ఎప్పటినుంచో ఒక ఒప్పందానికి వచ్చారు. ముక్కు మధ్య గోడ వంకరగా ఉందని సరిచేయించుకోవడానికి వచ్చినవాళ్లను అడిగి, పక్క గోడ నుంచి చిటికెడు కండ తీసుకుంటారు. ఎముక వంకరైతే కండకేం దోషం, అది మామూలుదే అయ్యుంటుంది అనుకుంటారు. అలా అనుకోకపోతే ఎవరి పనీ ముందుకు సాగదు. పాలిప్ అయితే సగం మైక్రోస్కోపు కిందికి పోతుంది, సగం ఫ్రీజర్లోకి. మామూలు ముక్క మొత్తం ఫ్రీజర్లోకే. దాన్ని ఎవరూ చూడరు. మామూలుదానిలో చూడటానికి ఏముంది?

అలా వారం వారం థియేటర్ గుమ్మం ముందు చేయి చాచి నిలబడేది కాబట్టి అక్కడ ఆమెకు నార్మల్ అని పేరు పడింది. అదుగో నార్మల్ వచ్చింది, నార్మల్‌కి ఏదైనా పడేయండి అని నర్సులు నవ్వుకునేవారు. ఆ పేరు పెట్టింది ముక్కు సర్జన్. ఆమె సొంత ముక్కులోంచి పాలిప్స్ తీసిన సర్జన్ కూడా అతనే. కోసినకొద్దీ మళ్లీ వచ్చాయి. ఖాళీ చేయించినా మూటాముల్లే సర్దుకుని తిరిగొచ్చే మొండి కాపురంలా. ఆమె లోపల ఏముందో అద్దం పెట్టి చూసిన మనిషే ఆమెను నార్మల్ అని పిలిచాడు. వెక్కిరింతగా పిలిచాడా అంటే అదీ కాదు. అతనికి ఆ రెండూ కలిపి ఆలోచించే తీరిక లేదు. వెక్కిరిస్తే బాగుండేది.

ఆమెకు ఇరవై ఏళ్లు దాటాక ఒక జలుబు వచ్చి పోలేదు. మొదట కాఫీ వాసన పలచబడింది, తర్వాత సబ్బు, తర్వాత వాన. ఇంట్లోవాళ్లు జలుబే అన్నారు, ఆమె కూడా జలుబే అనుకుంది. చివరికి ముక్కు డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికి లోపల గుత్తులు గుత్తులుగా నిండిపోయి ఉన్నాయి. మొదట్లో ఉబ్బుగా ఉన్నప్పుడే వచ్చి స్ప్రే వాడుకుని ఉంటే వాసన మిగిలేదమ్మా అన్నాడు ఆ డాక్టర్, చేతులు కడుక్కుంటూ. అంత చిన్న వాక్యం. అప్పటినుంచి ఆమెకు అన్నం అంటే మెత్తదనం, కారం అంటే మంట, పువ్వు అంటే రంగు. మనుషులు అద్దం అవతల నిలబడి మాట్లాడుతున్నట్టుంటారు.

చెల్లెలు ఆమె కంటే చాలా చిన్నది. ఇంట్లో దాన్ని కుక్కపిల్ల అనేవారు. ఎవరు తలుపు తీసినా వాళ్లు ఎక్కడినుంచి వచ్చారో వాసన పట్టి చెప్పేది. అక్కను మాత్రం మొద్దు అనేది, ముద్దుగానే. పెద్దయ్యాక సబ్బులూ అత్తర్లూ చేసే కంపెనీలో వాసన చూసే ఉద్యోగం సంపాదించింది. అలాంటి ఉద్యోగం ఒకటుంటుందని ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిశాక అమ్మ పొంగిపోయింది. "ఒకరిది పోయినా ఇంకొకరిది అన్నం పెడుతోంది" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది, అక్క వినేలా.

తన గురక భరించలేక మొగుడు హాల్లో పడుకుంటున్నాడని చెల్లెలు ముక్కు గోడ సరిచేయించుకోవడానికి వచ్చింది. గురక పెట్టేది నేను, పారిపోయేది ఆయన అని తనే నవ్వుతూ చెప్పింది. అప్పుడే అక్క అడిగింది, చిన్న ముక్క ఇస్తావా అని. చెల్లెలు సంతకం పెడుతూ, "తీసుకో అక్కా. మంచి ముక్కు ఎలా ఉంటుందో లోకానికి కూడా తెలియాలిగా" అంది. థియేటర్ తలుపు సందులోంచి చిన్న గిన్నె అందిస్తూ సర్జన్ అన్నాడు, గోడ పక్కన కాస్త ఉబ్బు ఉంది, పట్టు బాగా దొరికింది, పెద్ద ముక్కే ఇచ్చాను పండగ చేసుకో అని. పెద్ద ముక్క అన్న మాటకే ఆమె పొంగిపోయింది. ఉబ్బు అన్న మాట చెవిలో పడి, అటునుంచి ఇటు దొర్లి, బయటికి పోయింది.

ఇప్పుడు అది తిరిగొచ్చి తెర మీద కూర్చుంది.

దీనికి అర్థం ఏమిటో ఆమె కంటే బాగా ఎవరికి తెలుసు? చెల్లెలి ముక్కులో ఆ పని మొదలైంది. ఇంకా గుత్తి కట్టలేదు, ఉబ్బు దశలో ఉంది. ఇప్పుడు చెబితే స్ప్రే, మందులు, ఏడాదికోసారి చూపించుకోవడం, బహుశా ఏమీ కాదు. చెప్పకపోతే కాఫీ, సబ్బు, వాన, ఆ వరసలో. ఒక్క ముక్కను పట్టుకుని అంత దూరం చెప్పలేమని వాదించవచ్చు. శాస్త్రం కూడా ఆ వాదన వైపే ఉంటుంది. ఒక గీత ఒక గీతే. కానీ ఆమె లోపల ఆ వెచ్చదనం శాస్త్రం చదవలేదు. దానికి రూఢిగా తెలుసు, అందుకే అది వెచ్చగా ఉంది.

ఎందుకు? ఆమె కారణం వెతికింది. దొరికింది కూడా, చాలా తేలిగ్గా. ఈ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లిన రోజు. సరిగా ఆరని బట్టలు మడతపెట్టి ఉన్నాయి, వాటిలోంచి ఒకటి వేసుకుంది. ముక్కిన కంపు కొడుతోందని చెల్లెలికి తెలుసు. గుమ్మం దాకా వచ్చి ఆల్ ద బెస్ట్ చెప్పి పంపించింది. సాయంత్రం భోజనాల దగ్గర, అందరి ముందూ, కడుపు పట్టుకుని నవ్వుతూ చెప్పింది. వాళ్లు కిటికీలు తెరిచారా అక్కా, అని. నిజంగానే తెరిచారు. ఎండ బాగుందని తెరిచారనుకుంది ఆమె. అమ్మ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది.

ఇదే కారణమైతే ఎంత బాగుండేది. దెబ్బకు దెబ్బ. తూకం వేసుకుని కూర్చోవచ్చు. కానీ ఆమె తన గురించి ఇంత అబద్ధం నమ్మలేకపోయింది. ఆ విషయం ఆమెకు ఏడాదికోసారి కూడా గుర్తురాదు, ఇప్పుడు అవసరానికి పిలిస్తే పలికిందంతే. చెల్లెలు ఆ తర్వాత ఎన్ని మంచి పనులు చేయలేదు? పాలు విరిగాయో లేదో, గ్యాస్ లీకవుతోందో లేదో, ఫోన్ చేయగానే వచ్చి చూసి వెళ్లేది. ప్రతిసారీ వచ్చేది, విసుక్కోకుండా. బహుశా అదే భరించలేకపోయింది. లేదా అదీ కాదు. ఆమెకు ఒక బొమ్మ కనిపించింది: ఇద్దరూ ముసలివాళ్లయి, పాలగిన్నె మీదికి వంగి, విరిగాయో లేదో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. ఆ బొమ్మలో ఆమె మొదటిసారిగా ఒంటరిగా లేదు. ఆ బొమ్మ ఎంత హాయిగా ఉందో చూసి ఆమెకే వెన్ను జలదరించింది. జలదరింపు తగ్గాక కూడా హాయి అలాగే ఉంది.

థీసిస్ గైడ్ వచ్చి వెనక నిలబడ్డాడు. ఆయనకు మనిషి భుజం మీదుగా తెర చూసే అలవాటు. ఎవరైనా లేచి కుర్చీ ఇస్తే అక్కర్లేదంటాడు, ఇవ్వకపోతే గుర్తుపెట్టుకుంటాడు.

"ఇన్నేళ్లు చేసి ఒక్క ముక్కు దగ్గర బోర్లాపడ్డావు కదమ్మా" అన్నాడు.

అది ఉంచితే మామూలు గుంపు సగటు పైకి పోతుందనీ, పాలిప్స్‌కీ దానికీ తేడా నిలబడదనీ ఆయన వివరించాడు, ఆమెకు తెలియదన్నట్టు. తీసేయమన్నాడు. కానీ ఊరికే తీసేస్తే అడిగేవాళ్లు అడుగుతారు, కారణం ఉండాలి. కారణాలు రెండే. కండలోనే తేడా ఉందని అనుమానమైతే మిగిలిన ముక్కను పాథాలజీ వాళ్ల ఎర్ర మూత ట్రేలో పెట్టాలి. వాళ్లు మైక్రోస్కోపులో చూస్తారు, నిజమైతే సర్జన్‌కి చెబుతారు, సర్జన్ ఆ పేషెంటును పిలిపిస్తాడు. అలా కాక ముక్క మన చేతుల్లో పాడైందనుకుంటే ఆ పసుపు సంచిలో పడేయడమే, సాయంత్రం కాల్చేస్తారు.

"ఏది నిజమో నీకే తెలియాలి. తెచ్చింది నువ్వేగా" అని వెళ్లిపోబోతూ వెనక్కి తిరిగి, రేపటికల్లా తేల్చు, నీ మొహం చూస్తుంటే ఏదో చావు కబురు విన్నదానిలా ఉన్నావు అన్నాడు. అంటే మొహంలో ఏదో కనిపిస్తోందన్నమాట. చావు కబురులా కనిపిస్తోంది. ఆమెకు కొంచెం ధైర్యం వచ్చింది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి చెల్లెలు తలుపు ముందు చెప్పులు విడిచి, మెట్ల మీద కూర్చుని ఉంది. ఒళ్లో రేకు డబ్బా. వచ్చే వారం కంపెనీలో వాసన పరీక్ష. ఏటా పెడతారు, ఈసారి నెగ్గితే వాసన చూసేవాళ్ల బృందానికి తనే పెద్ద. ఓడిపోతే ఏంటని అక్క ఎప్పుడో అడిగితే, లెక్కలు రాసే గదిలో కూర్చోబెడతారు, లేదా ఇంటికి పంపిస్తారు, పాడైన ముక్కుతో వాళ్లకేం పని అంది. పరీక్షకు ముందు సాధన చేయడానికి ప్రతి ఏడూ అక్క దగ్గరికే వస్తుంది. డబ్బా నిండా సన్నటి అట్ట పట్టీలు. ఒక్కోటి ఒక్కో అత్తరులో ముంచింది, చివర పెన్సిల్‌తో పేరు ఉంటుంది. చివరను వేళ్లతో మూసి పట్టుకుని ఒక్కో పట్టీ అందించాలి, చెల్లెలు కళ్లు మూసుకుని అదేం వాసనో చెప్పాలి. మిగతావాళ్లయితే అందించేటప్పుడు వాళ్లకు తెలియకుండానే మొహంలో, ఊపిరిలో ఏదో బయటపెట్టేస్తారట. మరిది మరీ అన్యాయం, గులాబీ వస్తే నవ్వేస్తాడు. అక్క దగ్గర ఆ బాధ లేదు. ఆమెకు నిమ్మకాయైనా నేలబొగ్గైనా ఒకటే.

టేబుల్ దగ్గర ఎదురెదురుగా కూర్చున్నారు. చెల్లెలు కళ్లు మూసుకుంది. మూసిన కళ్ల మీద రెప్పలు సన్నగా అదురుతున్నాయి. చిన్నప్పుడు నిద్ర నటించేటప్పుడు కూడా అలాగే అదిరేవి. అక్క మొదటి పట్టీ అందించింది.

"దేవదారు."

పేరు చూసింది. దేవదారే. తర్వాతది లవంగం, చెప్పింది. నిమ్మ చెప్పింది. నాలుగోది ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు ఉంది, ఇంకో ముక్కుపుటంతో చూసింది, మళ్లీ మొదటిదానితో చూసింది.

"గులాబీ" అంది.

పట్టీ మీద జెరేనియం అని ఉంది. రెండూ దగ్గర దగ్గరవే అంటారు. కానీ వాటి తేడా చెప్పడానికే చెల్లెలికి జీతం ఇస్తున్నారు. అక్క పట్టీని బల్ల మీద బోర్లా పెట్టింది. నోరు తెరిచేదాకా ఏమనబోతోందో ఆమెకు తెలియదు. ఆ సంగతి తర్వాత ఎంత తిరగేసి చూసుకున్నా నిజంగా తెలియదు.

"కరెక్ట్" అంది.

ఆ తర్వాత కస్తూరి బదులు ఇంకేదో చెప్పింది. కరెక్ట్. తడిమట్టిని నాచు అంది. కరెక్ట్. ఒక పట్టీ దగ్గర ఏమీ రావడం లేదు, ఇది ఖాళీదా, నన్ను పరీక్షిస్తున్నావా అని అడిగింది. దాని మీద మిరియం అని రాసి ఉంది. అవును ఖాళీదే అంది అక్క, బాగా పట్టుకున్నావు. చెల్లెలు కళ్లు మూసుకునే నవ్వింది. ఆ నవ్వు చూస్తున్నా అక్క గొంతు తొణకలేదు. నా గొంతు ఇంత బాగుంటుందా అనుకుంది. అబద్ధం ఆడుతుంటే మనిషి ఎంత శుభ్రంగా మాట్లాడుతుంది. పక్కకు పెట్టిన పట్టీల్లో తప్పులు ఒక కుప్ప, ఒప్పులు ఒక కుప్ప కాకుండా అన్నీ కలిపేసింది.

డబ్బా మూసేశాక చెల్లెలు కళ్లు తెరిచి, కుర్చీలో వెనక్కి వాలి, ఊపిరి వదిలింది. కొంచెం నీరసంగా కనిపించింది. అక్క కాఫీ పెట్టి ఇచ్చింది. చెల్లెలు కప్పు మొహం దగ్గర పట్టుకుని, తాగకుండా, ఆవిరిలో ముక్కు పెట్టి కూర్చుంది. అలా ఎవరు కూర్చుంటారో అక్కకు తెలుసు. తను అలా కూర్చున్న సంవత్సరం గుర్తుంది.

"అక్కా, ఒకటడుగుతా. నవ్వకు."

"అడుగు."

"ఆపరేషన్ అప్పుడు నా ముక్క తీసుకున్నావు కదా. అందులో ఏమైనా కనిపించిందా?"

"ఏం కనిపించాలి?"

"ఏమో. ఈ మధ్య కాస్త మందంగా ఉంటోంది. పొద్దున లేవగానే అసలేం తెలియట్లేదు. జలుబే అనుకో. ఆయన కూడా జలుబే అంటున్నాడు. కానీ నువ్వు చూసే పని అదేగా, అందుకని."

ఇదిగో, తలుపు బార్లా తెరుచుకుంది. అటు నుంచి అడిగారు, ఇటు నుంచి చెప్పడమే. ఒక్క మాట, ఉబ్బు ఉంది, రేపు వెళ్లి చూపించుకో. అంతటితో అయిపోతుంది. ఆమె నోటి దాకా వచ్చింది కూడా. వచ్చి, పళ్ల వెనక నిలబడింది. ఎవరైనా వెనక నుంచి కాస్త తోస్తే బయటపడేది.

"ట్యూబుల మీద పేర్లుండవు. ఏది ఎవరిదో మాకు తెలియదు" అంది.

ఆ మాటలో అక్షరం అబద్ధం లేదు. నియమాల పుస్తకంలో అలాగే ఉంటుంది.

చెల్లెలు తలూపింది. కాఫీ ఒక గుక్క తాగింది. తర్వాత ఒక్కసారిగా నవ్వేసింది, భారం దిగినట్టు. "హమ్మయ్య. ఏదైనా ఉంటే నువ్వు చెప్పేదానివేగా. నీలా అయిపోతానేమోనని ఎంత భయమేసిందో తెలుసా? నాలుగు రోజుల నుంచీ నిద్రే లేదు."

అన్న మరుక్షణం నాలుక్కరుచుకుంది. తప్పుగా అనుకోకు, అలా కాదు నా ఉద్దేశం, నువ్వు ఎలాగో అలా బతుకుతున్నావుగా, నాకంత ఓపిక లేదని అన్నానంతే, అని సర్దబోయింది. సర్దినకొద్దీ మాట ఇంకా లోతుకు దిగింది. అక్క పర్వాలేదంది. నిజంగానే పర్వాలేదు, నొప్పి కూడా పుట్టలేదు. తను ఏళ్ల తరబడి కాపురం ఉంటున్న చోటు చెల్లెలికి నాలుగు రోజులు నిద్రపట్టనంత భయం. ఈ మాట వాళ్లింట్లో ఎవరూ ఇంతవరకు పైకి అనలేదు. అమ్మ జాలిపడింది, సర్జన్ జోకులేశాడు, గైడ్ అందులోంచి థీసిస్ తీయమన్నాడు. భయపడింది చెల్లెలొక్కతే. అంటే నిజంగా ఆ చోటు ఎలా ఉంటుందో ఊహించింది కూడా చెల్లెలొక్కతే. ఇలా ఆలోచిస్తే ఆమెను ముద్దు పెట్టుకోవాలి. ఆమె లేచి వెళ్లి కప్పులు కడిగింది.

వెళ్లేటప్పుడు చెల్లెలు గుమ్మంలో ఆగి, మెడ చాచి, అలవాటుగా వంటింటి వైపు ఒకసారి గాలి పీల్చింది. గ్యాస్ బాగానే ఉంది, ఏమీ లీకవడం లేదు అంది. అక్క థాంక్స్ చెప్పింది. తలుపు వేశాక వంటింట్లోకి వెళ్లి గ్యాస్ మీట తన చేత్తో బిగించి చూసుకుంది. ఇక నుంచి ఆ మాటను నమ్మడానికి లేదు. ఈ సంగతి ఈ ప్రపంచంలో తెలిసింది తనొక్కదానికే. దాన్ని మరిదితో కూడా పంచుకోనక్కర్లేదు, ఏదో దాచుకున్న మిఠాయిలా. అలా అనుకున్నందుకు తనను తాను అసహ్యించుకోవడానికి ప్రయత్నించింది. అసహ్యం కూడా ఒక రకం వాసనేనేమో, ఎంత పీల్చినా రాలేదు.

మర్నాడు పదకొండు దాటాక గైడ్ తలుపు దగ్గర నుంచే అడిగాడు, తేల్చావా అని. ఇదిగో సార్ అంది. ఆయన వెళ్లిపోలేదు. తలుపుకు చేరగిలబడి ఫోన్ చూసుకుంటూ నిలబడ్డాడు.

ఆమె చేతి తొడుగులు వేసుకుని ఫ్రీజర్ తెరిచింది. తెల్లటి చలి పాదాల మీదికి దిగింది. డబ్బాలోంచి ఆ ట్యూబు తీసింది. రెండుసార్లు తీయగా మిగిలింది పెసరగింజంత, అడుగున అంటుకుని, రాయిలా గట్టిగా, మంచు పూతతో మసక గులాబీ రంగులో ఉంది. బల్లకు ఎడమవైపు ఎర్ర మూత ట్రే. పాథాలజీ వాళ్ల మనిషి భోజనానికి ముందు వచ్చి తీసుకెళతాడు. కుడివైపు, కాలితో తొక్కితే నోరు తెరిచే డబ్బాలో పసుపు సంచి. రెంటికీ మధ్య ఆమె.

అరచేతిలో ట్యూబు పెట్టుకుని నిలబడింది. తొడుగు మీద ఉన్నా చలి ఎముకకు తగులుతోంది. ఆలోచిస్తున్నానని అనుకుంది. గైడ్‌కి చెప్పవచ్చు, ఇది మా చెల్లెలిది సార్ అని. నియమం తప్పినందుకు తిడతాడు, అంతకంటే ఏం చేస్తాడు. ఎర్ర ట్రేలో పెడితే ఆ మాట కూడా అక్కర్లేదు. నంబరు దాని దారిన అది పోయి, వారం తిరక్కుండా సర్జన్ ఫోన్‌గా మారి చెల్లెలి ఇంట్లో మోగుతుంది. పరీక్ష తప్పినా ముక్కు మిగులుతుంది. అంత తేలిక. చెల్లెలి అదిరే రెప్పలు గుర్తొచ్చాయి. తన మీద కొంచెం ఆశ కూడా కలిగింది.

అప్పుడు ట్యూబు వైపు చూసింది. మంచు పూత ఒక వైపు పలచబడి, లోపలి గులాబీ రంగు తడిగా మెరవడం మొదలుపెట్టింది. తను ఎందుకు ఇంతసేపు నిలబడిందో ఆమెకు అర్థమైంది. ఆలోచిస్తూ కాదు. ఆలోచనంతా ముగిసిపోయి చాలాసేపయింది. ఇంకొద్దిసేపు ఇలాగే ఉంటే కండ కరిగి, మెత్తబడి, మైక్రోస్కోపుకు పనికిరాకుండా పోతుంది. ఆ తర్వాత ఏ చేత్తో ఎక్కడ వేసినా ఒకటే. పాడైపోయింది సార్ అని చెప్పవచ్చు, అది నిజమే అవుతుంది. పాపం చేయకుండానే పని జరిగిపోతుంది, ఎవరూ ఏమీ చేయలేదు, మంచు కరిగింది, అంతే. ఇన్నేళ్లూ చేయలేనివన్నీ తను ఇలాగే చేసుకుంటూ వచ్చింది, ఎవరో ఒకరు ఆలస్యం చేస్తే, ఏదో ఒకటి కరిగిపోతే.

"ఏంటమ్మా, పూజ చేస్తున్నావా దానికి?" అన్నాడు గైడ్, ఫోన్ మీద నుంచి కళ్లెత్తకుండా.

ఆమె ట్యూబును రెండు వేళ్ల మధ్య పట్టుకుని ఆడించింది. లోపల కండ ప్లాస్టిక్‌కు తగిలి టక్కున చప్పుడు చేసింది. ఇంకా గట్టిగానే ఉంది. ఇంకా పనికొస్తుంది.

డబ్బా మీట కాలితో తొక్కి, సంచి నోరు తెరిచి, అది కరగకముందే అందులో వేసింది.